వాదన గెలిచి మనిషిని పోగొట్టుకోవద్దు



ఈ పేజీల్లో మామూలుగా షుగరు, బీపీ, టీబీ, గర్భిణుల ఆహారం వంటి విషయాలు వ్రాస్తుంటాము. ఈసారి ఏ రక్తపరీక్షకూ, ఏ ఎక్స్‌రేకూ అందని ఒక ఇబ్బంది గురించి చెప్పదలచుకున్నాము. రోగి మంచం మీద ఉంటాడు. బయట వరండాలో ఆయన మనుషులు రెండు పక్షాలై నిలబడతారు. ఒకరు ఆపరేషన్ అంటారు, ఒకరు నాటుమందు అంటారు. ఒకరు ప్రార్థన చాలంటారు, ఇంకొకరు ప్రార్థనలు కట్టిపెట్టి మాత్రలు మింగమంటారు. ఇద్దరికీ రోగి మీద ప్రేమే. అయినా గంట గడిచేసరికి మాట రోగిని వదిలి, ఎవరిది పైచేయి అన్నదాని మీదికి పోతుంది. ఈలోపు జరగవలసిన వైద్యం ఆగిపోతుంది.

ఎందుకిలా జరుగుతుంది? కళ్ళెదుట రుజువు ఉన్నా మనిషి తన అభిప్రాయాన్ని ఎందుకు మార్చుకోడు? చదువు లేకపోవడం వల్లనే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ముందుగా, బాగా చదువుకున్న డాక్టర్ల కథే చూద్దాం.

చేతులు కడుక్కోమంటే కోపం వచ్చింది

ఆస్ట్రియా రాజధాని వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో 1840లలో రెండు కాన్పు వార్డులు ఉండేవి. మొదటి వార్డులో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుళ్ళు పోసేవారు. రెండవ వార్డులో మంత్రసానులు పోసేవారు. మొదటి వార్డులో నూటికి సుమారు 10 మంది తల్లులు బాలింత జ్వరంతో చనిపోయేవారు. మంత్రసానుల వార్డులో నూటికి నలుగురు కూడా చనిపోయేవారు కాదు. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. తమను మొదటి వార్డులో చేర్చవద్దని గర్భిణులు బ్రతిమాలుకునేవారు.

అక్కడ పనిచేసే సెమ్మెల్వైస్ అనే హంగేరీ డాక్టరుకు ఈ తేడా నిద్రపట్టనివ్వలేదు. 1847లో ఆయన తోటి డాక్టరొకరు, శవపరీక్ష జరుగుతుండగా కత్తి గాయమై, బాలింత జ్వరం వంటి లక్షణాలతోనే మరణించాడు. దానితో ఆయనకు విషయం తట్టింది. డాక్టర్లు, విద్యార్థులు శవాలను కోసిన చేతులతోనే నేరుగా కాన్పు వార్డుకు వస్తున్నారు. మంత్రసానులు శవాల జోలికి పోరు. వెంటనే ఆయన అందరూ క్లోరిన్ కలిపిన నీటితో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోతున్న వార్డులో జూన్ నాటికి ఆ సంఖ్య సుమారు రెండుకు దిగింది.

ఇంతకంటే గట్టి రుజువు ఇంకేం కావాలి? అయినా చాలామంది పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. కారణాలు కొన్ని ఉన్నాయి. సూక్ష్మక్రిముల వల్ల జబ్బులు వస్తాయన్న సంగతి అప్పటికి స్థిరపడలేదు. చెడుగాలి వల్ల జబ్బులు వస్తాయని నమ్మేవారు. సెమ్మెల్వైస్ కూడా తన పరిశోధనను పుస్తకంగా 1861 వరకు అచ్చు వేయలేదు. కానీ అన్నిటికంటే లోతైన కారణం మరొకటి ఉంది. ఆయన మాట ఒప్పుకుంటే, ఇన్నేళ్ళుగా ఆ తల్లుల ప్రాణాలు తీసింది తమ చేతులేనని ఒప్పుకోవాలి. ఏ డాక్టరు గుండె దానిని సులువుగా భరించగలదు?

ఆ తరువాత సెమ్మెల్వైస్ తనతో ఏకీభవించని ప్రొఫెసర్లను హంతకులని దూషిస్తూ బహిరంగ లేఖలు వ్రాశాడు. చెప్పింది సత్యమే. కానీ ఆ లేఖలు వారిని మార్చలేదు, ఇంకా దూరం చేశాయి. 1865లో, 47 ఏళ్ళ వయసులో, ఆయన ఒక మానసిక వైద్యాలయంలో మరణించాడు. తరువాతి సంవత్సరాల్లో పాశ్చర్, లిస్టర్ వంటివారి కృషి వల్ల లోకం ఆయన మాటకు వచ్చింది. ఈ రోజు మా ఆపరేషన్ థియేటర్‌లో ఎవరు అడుగుపెట్టినా ముందు చేతులు కడుక్కోవలసిందే.

ఒకే సంగతి, రెండు సాక్ష్యాలు

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. మూర్ఛ జబ్బునే తీసుకుందాం. ఒక పిల్లవాడికి ఫిట్స్ వస్తున్నాయి. డాక్టరు మాత్రలు మొదలుపెట్టారు. ఇంట్లో ఉపవాస ప్రార్థనలూ జరిగాయి. నాలుగు నెలలుగా ఫిట్స్ రాలేదు. మేనమామ చూసి, మాత్రలు పనిచేస్తున్నాయి, ఆపవద్దు అంటాడు. తల్లి చూసి, దేవుడు స్వస్థపరచాడు, ఇక మాత్రలెందుకు అంటుంది. ఇద్దరూ చూసింది ఒకే సంగతి. కానీ అది ఇద్దరి పక్షానా సాక్ష్యం పలికింది!

మనసుకు ఉన్న మొదటి అలవాటు ఇదే. ముందు నమ్ముతుంది, తరువాత ఆ నమ్మకానికి తగిన సాక్ష్యాలను ఏరుకుంటుంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దీనిని పరీక్షించారు, ఫలితాలు 1979లో అచ్చయ్యాయి. మరణశిక్ష ఉండాలనే విద్యార్థులను 24 మందిని, వద్దనేవారిని 24 మందిని పిలిచారు. అందరికీ అవే రెండు పరిశోధనలు చదవడానికి ఇచ్చారు. ఒకటి మరణశిక్ష వల్ల నేరాలు తగ్గుతాయని, రెండవది తగ్గవని చెబుతుంది. రెండు వైపులా చదివితే ఇద్దరూ కొంత మధ్యకు రావాలి కదా? అలా జరగలేదు. తమకు నచ్చిన పరిశోధనను బాగుందని మెచ్చుకున్నారు, నచ్చని దానిలో తప్పులు వెదికారు. చివరకు తమ పాత అభిప్రాయం ఇంకా బలపడిందని ఇరువర్గాలూ చెప్పాయి.

ఇక్కడ వైద్యపరమైన మాట ఒకటి గట్టిగా చెప్పాలి. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. సాధారణంగా కనీసం రెండేళ్ళు ఫిట్స్ లేకుండా గడిచాకే, డాక్టరు రోగిని పరీక్షించి, తగ్గించవచ్చా లేదా అని ఆలోచిస్తారు. తగ్గించినా మెల్లమెల్లగానే. టీబీ మందులదీ ఇటువంటి కథే. దగ్గు తగ్గిందని రెండు నెలలకే ఆపేస్తే క్రిములు మందులకు లొంగకుండా తయారవుతాయి.

ఒప్పుకుంటే పోయేదేమిటి?

రెండవ కారణం, మనసు మార్చుకోవడానికి చెల్లించవలసిన వెల. పదేళ్ళుగా ఒక కషాయాన్ని నమ్మి, దాని మీద వేలు ఖర్చు పెట్టి, పదిమందికి తాగమని చెప్పిన పెద్దాయన ఉన్నారనుకోండి. షుగరుకు అది పనిచేయదని ఒప్పుకుంటే పోయేది కషాయం ఒక్కటే కాదు. పదేళ్ళ నమ్మకం పోతుంది, పదిమందిలో మాట పోతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో ఈ సంగతిని వివరంగా వ్రాశారు. మన నమ్మకమూ, ఎదుటి వాస్తవమూ ఢీకొన్నప్పుడు మనసులో ఒక నొప్పి పుడుతుంది. ఆ నొప్పి తగ్గించుకోవడానికి నమ్మకాన్ని మార్చుకోవడం కంటే వాస్తవాన్ని పక్కకు నెట్టడమే తేలిక. వియన్నా డాక్టర్లు చేసింది అదే.

మనవాళ్ళు ఏమంటారో

మూడవ కారణం అన్నిటికంటే బలమైనది. మన అభిప్రాయాల్లో చాలావాటిని మనం ఒంటరిగా కూర్చుని ఆలోచించి తెచ్చుకోలేదు. మనవాళ్ళ నుండి తెచ్చుకున్నాం. అందుకే అభిప్రాయం మారితే మనవాళ్ళు దూరమవుతారేమోనన్న భయం ఉంటుంది.

మనుషులు రెండు పక్షాలు కావడానికి ఎంత చిన్న కారణం చాలో హెన్రీ తాజ్‌ఫెల్ అనే శాస్త్రవేత్త 1970లో చూపించారు. ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో 14, 15 ఏళ్ళ బడిపిల్లలను ఊరికే రెండు గుంపులుగా విడదీశారు. ఒకసారి, ఫలానా చిత్రకారుడి బొమ్మలు నీకు నచ్చాయి కనుక నీది ఈ గుంపు అని చెప్పారు, అంతే. తరువాత ఇతరులకు డబ్బు పంచమంటే తమ గుంపువారికే ఎక్కువ ఇచ్చారు. అంతేకాదు, తమవారికి కొంత తగ్గినా ఫరవాలేదు, అవతలి గుంపుకు తమకంటే బాగా తక్కువ రావాలి అన్నట్టు పంచారు. బొమ్మల దగ్గరే ఇలా ఉంటే పార్టీ, కులం, సంఘం, అభిమాన హీరో దగ్గర ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? ఎన్నికలలో పడిన గొడవకు అన్నదమ్ములు ఒకరి ఇంట శుభకార్యానికి ఒకరు వెళ్ళని ఊళ్ళు మనకు తెలియనివి కావు.

గుంపులో కూర్చుని మాట్లాడుకుంటే అభిప్రాయాలు చల్లబడతాయని అనుకుంటాము. ఫ్రాన్సు విద్యార్థులపై జరిగి 1969లో అచ్చయిన ఒక పరిశీలన వేరుగా చెప్పింది. ఒకే వైపు మొగ్గు ఉన్న విద్యార్థులు కలిసి చర్చించుకున్నాక, ఆ మొగ్గు ఇంకా ముదిరింది. ఎందుకంటే అక్కడ వినబడేవన్నీ ఒకవైపు మాటలే, పైగా నలుగురిలో మెప్పు కోసం ఒకరిని మించి ఒకరు గట్టిగా మాట్లాడతారు. ఇప్పుడు ఆ పని మన చేతిలోని ఫోన్లే చేస్తున్నాయి. 2021లో కోవిడ్ టీకాలు మొదలైనప్పుడు కుటుంబాల గ్రూపులలో ఏమేమి తిరిగాయో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

ఒక పక్షం ముదిరేకొద్దీ రెండవ పక్షం కూడా ముదురుతుంది. ప్రార్థనను ఎగతాళి చేసే బంధువు వల్ల తల్లి మాత్రలకు ఇంకా దూరమవుతుంది. మాత్రలు వేసుకోవడం అవిశ్వాసమని చెప్పే విశ్వాసి వల్ల బంధువు ప్రార్థనకు ఇంకా దూరమవుతాడు. నిజానికి ఆ రెంటికీ మధ్య గోడ ఉండనవసరం లేదు. పౌలు తన జతపనివారిలో లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. కడుపు బాధ ఉన్న తిమోతికి కొంచెం ద్రాక్షారసం తీసుకోమని సలహా వ్రాశాడు. మా ఆసుపత్రిలో మందు ఇచ్చే చేతులే ప్రార్థనకూ జోడిస్తాము.

పేతురుకు కూడా సులువు కాలేదు

అపొస్తలుల కార్యములలో పేతురు సంగతి అందరూ ఎరిగినదే. యొప్పేలో మిద్దె మీద ఆయనకు దర్శనం కలిగింది, అది కూడా ముమ్మారు. తరువాత కైసరయలో శతాధిపతియైన కొర్నేలీ ఇంటికి వెళ్ళాడు. అన్యజనులు కూడా దేవునికి అంగీకారమేనని కళ్ళారా చూశాడు. యెరూషలేముకు తిరిగి వచ్చాక తనవారే నిలదీస్తే, జరిగినదంతా మొదటినుండి వివరించి చెప్పాడు. ఆయన మనసు మారింది.

కథ అక్కడితో అయిపోలేదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు మరొక సంగతి చెప్పాడు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తుండేవాడు. యెరూషలేము నుండి కొందరు రాగానే భయపడి వెనక్కి తగ్గాడు. దర్శనం చూసినవానికే మనవాళ్ళు ఏమంటారోనన్న భయం తప్పలేదు. అటువంటప్పుడు మన ఇంట్లోని అత్తగారో, చిన్నాన్నో ఒక్క మాటకు మారిపోవాలని పట్టుబట్టడం న్యాయమేనా?

ఉత్తరప్రదేశ్ పోలియో నేర్పిన పాఠం

మనసులు మారవని నిరాశపడనవసరం లేదు. మన దేశంలోనే పెద్ద నిదర్శనం ఉంది. 2002లో భారతదేశంలో 1,600 పోలియో కేసులు నమోదయ్యాయి. అందులో 1,200కు పైగా ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. ఆ రాష్ట్రపు పశ్చిమ జిల్లాల్లో అనేక పేద ముస్లిం కుటుంబాలు చుక్కలు వద్దని తలుపులు వేసుకునేవి. చుక్కలు వేస్తే పిల్లలకు ముందుముందు సంతానం కలగదని పుకారు. అది అబద్ధం. కానీ దాని వెనుక నిజమైన బాధ ఒకటి ఉంది. మా వీధికి మురుగు కాలువ లేదు, జ్వరం వస్తే మందు లేదు, మీరు మాత్రం ఈ చుక్కలతోనే మళ్ళీమళ్ళీ వస్తారెందుకు అని ఆ తల్లులు అడిగేవారు.

అప్పుడు పద్ధతి మారింది. ఆ వీధిలోనే ఉండే స్త్రీలకు శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. వారు వాదించడానికి కాక వినడానికి వెళ్ళారు. చేతుల శుభ్రత, విరేచనాలకు ఓఆర్ఎస్, తల్లిపాలు, మిగతా టీకాల గురించి కూడా మాట్లాడారు. ఇమాములు మసీదు మైకులలో చుక్కల రోజును ప్రకటించారు. అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం, జామియా మిలియా ఇస్లామియా వంటి సంస్థలు ముందుకు వచ్చాయి. అంటే, చుక్కలు వేయిస్తే తనవారిని కాదన్నట్టు అవుతుందన్న భయం ఆ తల్లికి లేకుండా పోయింది. తనవారే వేయించమంటున్నారు. 2010లో వచ్చిన మెరుగైన టీకా కూడా ఎంతో సహాయపడింది. 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడినదే దేశంలో చివరి సహజ పోలియో కేసు. 2014 మార్చి 27న భారతదేశానికి పోలియో రహిత ధృవీకరణ లభించింది.

ఇంట్లో ఎలా మాట్లాడాలి?

తాగుడు మాన్పించే వైద్యంలో పూర్వం గద్దించడం ఒక పద్ధతిగా ఉండేది. విలియం మిల్లర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1983లో వేరే మార్గం చూపించారు. మానవలసిన కారణాన్ని మనం చెప్పకుండా, అతని నోటనే రప్పించాలి. 1993లో ఆయన బృందం అచ్చువేసిన పరిశీలనలో, సలహాదారు ఎంత ఎక్కువగా గద్దిస్తే, ఏడాది తరువాత ఆ రోగి అంత ఎక్కువగా తాగుతున్నట్టు తేలింది. ఈ రోజు షుగరు, పొగాకు, టీకాల విషయంలో కూడా ఈ పద్ధతిని ప్రపంచమంతా వాడుతున్నారు.

ఇందాకటి తల్లి, మేనమామల దగ్గరికే వెళదాం. “నీకు బుద్ధి లేదా అక్కా, పిల్లాణ్ణి చంపుకుంటావా?” అంటే ఆమె తలుపు మూసుకుంటుంది. దాని బదులు ఇలా మాట్లాడవచ్చు.

“అక్కా, వాడికి ఫిట్స్ వచ్చిన రాత్రి నువ్వు ఎంత అల్లాడిపోయావో నాకు తెలుసు. మాత్రలు ఎందుకు ఆపాలనిపించింది?”

“నాలుగు నెలలుగా రాలేదు కదరా. వేసుకుంటే దేవుణ్ణి నమ్మనట్టేగా? పైగా అవి వేస్తే బడిలో నిద్రపోతున్నాడట.”

“నిద్ర సంగతి నాకు తెలియదక్కా. అది డాక్టరుగారికి చెప్పావా?”

“లేదు. తిడతారేమోనని.”

“ఇద్దరం వెళ్ళి అడుగుదాం. పాస్టరుగారిని కూడా అడుగుదాం. మళ్ళీ వస్తే ఎలా అని నీకేమైనా భయంగా ఉందా?”

“ఎందుకుండదురా! బడిలో పడిపోతే ఎవరు చూస్తారని రాత్రుళ్ళు అదే ఆలోచన.”

చూశారా? విశ్వాసం మాట వెనుక నిద్రమత్తు అనే అసలు ఇబ్బంది దాగి ఉంది. దానికి మందు మోతాదు మార్చడమో, వేరే మందు ఇవ్వడమో డాక్టరు ఆలోచించగలరు. మాత్రలు కావలసిన కారణం కూడా చివరకు ఆమె నోటనే వచ్చింది. ఇటువంటి మాటలు ఒక్కరోజులో పూర్తికావు. మూడుసార్లు, నాలుగుసార్లు కూర్చోవలసి రావచ్చు.

నిజం చెబితే ఎదుటివారు ఇంకా మొండికేస్తారని 2010 ప్రాంతంలో ఒక మాట బాగా ప్రచారమైంది. తరువాత జరిగిన పెద్ద పరిశీలనలలో అలా జరగడం అరుదని తేలింది. కనుక నిజం చెప్పడం మానవద్దు. నలుగురిలో కాకుండా పక్కకు పిలిచి, వారు నమ్మే మనిషి చేత, నెమ్మదిగా చెప్పించండి.

ఆగకూడని సందర్భాలు

ఓపిక అన్నిచోట్లా పనికిరాదు. పాము కాటు, గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, కాలూ చెయ్యీ పడిపోవడం, ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్, కాన్పు తరువాత ఆగని రక్తస్రావం, పాలు తాగని పసికందు. ఇటువంటప్పుడు ముందు 108కి ఫోన్ చేయండి, ఆసుపత్రికి చేర్చండి. ప్రార్థన దారిలో చేయవచ్చు. వాదన తరువాత చూసుకోవచ్చు.

అలాగే, ఇద్దరు వాదిస్తే నిజం సరిగ్గా మధ్యలో ఉంటుందని అనుకోవద్దు. సగం మాత్ర, సగం మానివేత అనే రాజీతో టీబీ నయం కాదు. రాజీ పడవలసింది మనుషుల మధ్య, మందు మోతాదులో కాదు.

గుర్తుంచుకోండి

1. ముందు వినండి. మీరు విన్నది తిరిగి చెప్పి, “ఇదేనా నీ బాధ?” అని అడగండి.

2. నలుగురిలో తప్పు పట్టవద్దు. ముఖం చెల్లకుండా చేస్తే మనసు మూసుకుంటుంది.

3. వారికి గౌరవమున్న పెద్దను, పాస్టరుగారిని, అదే జబ్బు నయమైనవారిని మాట్లాడమనండి.

4. ఫోనులో వచ్చిన వైద్య సలహాను ఇతరులకు పంపేముందు నర్సునో, డాక్టరునో అడగండి.

5. మనసు మార్చుకున్నవారిని “నేను ముందే చెప్పానా!” అని దెప్పవద్దు. తిరిగి వచ్చే దారిని తెరచి ఉంచండి.

6. “ఏ రుజువు చూస్తే నా అభిప్రాయం మారుతుంది?” అని మనల్ని మనమే ప్రశ్నించుకుందాం. జవాబు దొరకకపోతే, పట్టుదల అవతలివారిదే కాదు, మనదీ అని గ్రహించుదాం.

మీ ఇంట్లో ఎవరైనా మందులు ఆపాలనుకుంటే, లేక ఇప్పటికే ఆపివేసి ఉంటే, సంకోచించకుండా వారిని వెంటబెట్టుకుని మా ఓపీకి రండి. ఎవరినీ తిట్టము. ఎందుకు ఆపారో చెప్పండి, మేము కూర్చుని వింటాము. మీ ఇళ్ళలో సమాధానము, మీ దేహాలకు ఆరోగ్యము దేవుడు దయచేయును గాక.